వాగ్గేయకారులును, చలచ్చిత్ర సాక్ష్యమును
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పఠనమందిరములలో చేయబడిన ప్రసంగపాఠము)



సంగీతమును గూర్చి న్యాయవాది ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. రాగలక్షణములను బోధించుటకు నేను సమర్థుడను గాను. నేను విన్నవింపబూనినది సాక్ష్యమును గూర్చి. శిల్పి చెక్కిన రాయి వేయేండ్లు నిలుచును. కవి వ్రాసిన తాటాకు కొన్ని వందలయేండ్లు నిలుచును. గాయకుని పాట మాత్రము పుట్టిన క్షణముననే గాలిలో కలిసిపోవును. దానిని విన్నవారు గతించిన పిదప దానికి సాక్షి యెవడు?

ఈ ప్రశ్నకు మన చరిత్రయే కఠినమైన సమాధానము చెప్పుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యులవారు 1408లో జన్మించి 1503లో పరమపదించిరి. ముప్పదిరెండు వేల సంకీర్తనములు రచించిరని ప్రసిద్ధి. వారి వంశీయులు వానిని రాగిరేకులపై చెక్కించిరి. శతాబ్దములపాటు తిరుమల ఆలయములోని అరలో మరుగుపడియున్న ఆ రేకులు గత శతాబ్దిలో వెలుగునకు వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు వానిని పరిష్కరించి ప్రకటించిరి. రేకులపై సాహిత్యము కలదు. రాగముల పేర్లు కలవు. ఆ సంకీర్తనములకు స్వరము లేదు. అన్నమయ్య ఆ పదమును ఎట్లు ఎత్తుకొనెనో, ఎచట నిలిపెనో చెప్పగలవారు లేరు. నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కులు రాళ్లపల్లివారును, తరువాతివారును కూర్చినవి. రాగి మాటను కాపాడినది, గాత్రమును కాపాడలేకపోయినది.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ఎడిసన్ ఫోనోగ్రాఫును కనుగొన్నది 1877లో. ముప్పది సంవత్సరముల అంతరమున ఒక మహాగాత్రము మనకు శాశ్వతముగా దూరమయ్యెను. వాలాజాపేట మున్నగు శిష్యశాఖలవారు వ్రాసియుంచినదియు, గురుముఖమున నేర్చి అందించినదియు మాత్రమే మనకు దక్కినవి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట గ్రామఫోను కెక్కినది మొదలు యంత్రమును సాక్షిగా నిలిచెను. కాని ఆ పళ్లెములో ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. గంటసేపు విస్తరింపదగిన రాగమును గాయకులు ఆ మూడు నిమిషములలో ఇమిడ్చి పాడవలసివచ్చెను. సిరిసిల్ల సోదరులకు వేరుగ చెప్పనేల? తానులోనుండి చించిన జేనెడు పీలికను చూచి నేతగాని పనితనమునంతయు ఎవడు తెలిసికొనగలడు?

కచ్చేరీని ఆద్యంతము, రూపముతోను నాదముతోను నిలుపగల శక్తి చలచ్చిత్రమునకు లభించినది. ఆ శక్తిని మనము దేనికి వినియోగించితిమి?

చిత్తూరు నాగయ్యగారు 1946లో తామే దర్శకులై, నటులై, గాయకులై ‘త్యాగయ్య’ను తీసిరి. 1964లో ‘భక్త రామదాసు’ను తీసిరి. తరువాత 1981లో బాపుగారి ‘త్యాగయ్య’యు, 1997లో రాఘవేంద్రరావుగారి ‘అన్నమయ్య’యు, 2006లో ‘శ్రీ రామదాసు’ను వచ్చినవి. సంగీతసభల ముఖము చూడని లక్షలమందికి ఈ చిత్రములు కీర్తనలను చేరవేసినవి. ఆ మేలును మరువరాదు. ఐనను న్యాయస్థానమున కన్నవాని వాఙ్మూలము వేరు, చెప్పగా విన్నవాని మాట వేరు. మన పల్లెలలో గవాయి చెప్పవచ్చిన రైతునకు సయితము ఈ భేదము తెలియును. వాగ్గేయకారుల జీవితమును కల్పనతో కూర్చిన సినిమా వినికిడి సాక్ష్యము. విద్వాంసుడు పాడుచుండగా పట్టిన చిత్రము ప్రత్యక్ష సాక్ష్యము. మొదటిదానికి మనము ధనమును వెదచల్లితిమి, రెండవదానిని ఉపేక్షించితిమి.

ఇతరులు చేసినది చూడుడు. ఋత్విక్ ఘటక్ 1963లో ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్‌ను గూర్చి డాక్యుమెంటరీ తీసెను. సత్యజిత్ రాయ్ 1976లో నర్తకీమణి బాలసరస్వతిని గూర్చి ‘బాల’ అను చిత్రమును తీసెను. అప్పటి కామెకు 58 ఏండ్లు. ఆలస్యముగానైనను ఆ పని జరిగినందుననే, 1984లో ఆమె గతించిన పిదపను ఆ అభినయమును మనము చూడగలుగుచున్నాము. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరావారు 2006 నుండి తమ ప్రదర్శనములను దూరదేశముల సినిమాశాలలకు ప్రత్యక్షముగా ప్రసారము చేయుచున్నారు. ఘనులైన కళాకారులు పాడునది రాజధానిలోనైనను, వినుట చిన్నపట్టణమునకును సాధ్యమేయని దీనివలన తేలుచున్నది.

“నేడు ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది, కోరిన కచ్చేరీ అందులోనే దొరకును, ఇక కొరత యేమి?” అని కొందరందురు. దొరకుట వేరు, వినుట వేరు. ఆలాపన మొదలు కాగానే మన వ్రేలు తెరను ముందునకు త్రోయును. చిత్రము పట్టువారును తక్కువవారు కారు. మార్దంగికుడు తనియావర్తనమున ప్రాణమొడ్డి వాయించుచుండగా, వాని చేతివ్రేళ్లను విడిచి ముందువరుసలోని పెద్దమనుష్యుల శాలువలను చూపుదురు. అది సాక్షి మాటలాడుచుండగా ప్లీడరు కోటును వర్ణించినట్లుండును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. గోదావరి తీరమున ధర్మపురి నరసింహక్షేత్రము కలదు. శతకకర్త శేషప్పకవి ఆ స్వామిని కొలిచినవాడు. వేములవాడ రాజన్న సన్నిధిని ఏటేట త్యాగరాజ ఆరాధనోత్సవములు జరుగుచు వచ్చినవి. ఆ వేములవాడకు చేరువనున్న హనుమాజీపేట సి. నారాయణరెడ్డిగారి జన్మస్థలము, ఒగ్గుకథకు వన్నె తెచ్చిన మిద్దె రాములుగారిదియు ఆ ఊరే. శాస్త్రీయము కాదని ఒగ్గుకథను, హరికథను, భజనసంప్రదాయమును విడువరాదు. గుడిలో సన్నాయి వాయించు వృద్ధునకు, వేకువజామున మేలుకొలుపు పాడు అవ్వకు తెలిసిన వరుసలు ఏ పుస్తకమునను లేవు. వారితోనే అవియు పోవును.

సాక్షి రోగియై, వృద్ధుడై న్యాయస్థానమునకు రాజాలనిచో, కమీషనరును అతని యింటికే పంపి వాఙ్మూలమును తీసికొనుటకు మన సివిలు ప్రక్రియాస్మృతిలో వీలు కలదు. సాక్షి మరణించిన పిదప ఎంతటి న్యాయమూర్తియు ఆ వాఙ్మూలమును తెప్పింపజాలడు. ఆ కమీషనరు పనిని మన పఠనమందిరములు వహింపవలయునని నా ప్రార్థన.

చేయవలసినవి మూడు. మొదటిది: నెల కొక సాయంకాలము మందిరమున ఒక కచ్చేరీ చిత్రమును ఆపక, త్రోయక, పూర్తిగా ప్రదర్శింపుడు. కీర్తన, రాగము, తాళము, వాగ్గేయకారుని కాలము వ్రాసిన కాగితమును ముందుగా పంచుడు. మగ్గము దిగి వచ్చిన కార్మికుడును, బీడీలు చుట్టి వచ్చిన సోదరియు కూర్చుండుటకు వీలగు వేళను నిర్ణయింపుడు.

రెండవది: మన మూడు పట్టణముల చుట్టునున్న వృద్ధకళాకారుల పట్టిక వ్రాసి, వారి యిండ్లకు పోయి, పాటను మొదటినుండి చివరివరకు చిత్రింపుడు. పేరు, ఊరు, గురువు, తేది వారిచేతనే చెప్పింపుడు. ప్రతులు మూడు చేసి మూడు చోట్ల ఉంచుడు. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో విడుదలయ్యెను. నేడు దాని ప్రతి ఒక్కటియు లభ్యము కాదు. పుణెలో జాతీయ చలచ్చిత్ర భాండాగారము స్థాపింపబడినది 1964లో. చిత్రమును తీయుట సగము పని. దాచుట తక్కిన సగము.

మూడవది: కళాకారుని హక్కును కాపాడుడు. త్యాగరాజకీర్తన ఎవరి సొత్తును గాదు. కాని దానిని పాడినవాని ప్రదర్శనమునకు 1957 నాటి కాపీరైటు చట్టము, 1994 సవరణమువలన, హక్కు కల్పించినది. ఆ హక్కునకు నేడు ఏబది సంవత్సరముల కాలపరిమితి కలదు. కావున వ్రాతమూలకమైన అనుమతి లేక చిత్రింపకుడు. శాలువ కప్పి చేతులు దులుపుకొనక, తగిన పారితోషికము నిండు. పేదవాని పాటను ఉచితముగా గైకొని దానిని కళాసేవ యనుట న్యాయము గాదు.

దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. ఒక ఫోను, ఒక మంచి మైకు, నిలుకడగల ముక్కాలిపీట, ఓపికగల యువకు లిద్దరు చాలుదురు. అన్నమయ్య కాలమున రాగికంటె మేలైన సాధనము లేదు. ఆ వంశీయులు తమకు చేతనైనదంతయు చేసిరి. మనకు సాధనము కలదు. చేయకున్నచో దోషము కాలముది గాదు, మనది. ఈ సభ ముగియుటకు ముందే వృద్ధకళాకారుల పట్టికలో మొదటి పది పేర్లు వ్రాయించి పొండని మిమ్ము వేడుకొనుచున్నాను.