దొంగలు తెరిచిన పెట్టె



మాష్టారి పేరిట జరిగే ఉపన్యాసంలో అమెరికా రాక్ గాయకుడి గొడవ ఏమిటని కొందరు నిర్వాహకుల్ని అడిగారట. సబబైన ప్రశ్నే. మాష్టారు తాళపత్రాలు ఎదురెదురుగా పెట్టుకుని పాఠభేదాలు తేల్చడంలోనే జీవితం గడిపారు. బాబ్ డిలన్ పాటల విషయంలో యాభై ఏళ్లకు పైగా జరుగుతున్నదీ ఆ పనే. కాకపోతే అక్కడ దాన్ని మొదలుపెట్టింది పండితులు కాదు, దొంగలు. అతని రికార్డు కంపెనీవారు కళాభిమానంతో తమంతట తామే భోషాణం తెరిచారనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. నేను దాన్ని నమ్మను.

1966 జులైలో మోటార్ సైకిల్ ప్రమాదం జరిగాక డిలన్ పర్యటనలు మానుకుని, న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ దగ్గర ఉండిపోయాడు. మరుసటి ఏడాది తన వాద్యకారులతో కలిసి, 'బిగ్ పింక్' అని పిలుచుకునే ఇంటి నేలమాళిగలో పాడుకునేవాడు. ఈ వాద్యకారులే తర్వాత 'ద బ్యాండ్' అయ్యారు. ఆర్గన్ వాయించే గార్త్ హడ్సనే టేపు రికార్డరు సంగతీ చూసుకున్నాడు. రికార్డు వెయ్యాలన్న ఆలోచన లేదు. ఇతరులు ఎవరైనా పాడుకుంటారేమోనని కొత్త పాటలు పద్నాలుగింటిని నమూనాగా పంపారు, అంతే. వాటిలో 'మైటీ క్విన్'ను మ్యాన్‌ఫ్రెడ్ మాన్ బృందం అందుకుంది. 1968లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ టేపుల్ని బయటపెట్టాల్సిందేనని 'రోలింగ్ స్టోన్' పత్రిక అదే ఏడాది రాసింది. కొలంబియా కంపెనీ ఉలకలేదు, పలకలేదు.

1969 వేసవిలో లాస్ ఏంజెలిస్ దుకాణాల్లో రెండు ఎల్పీల జత ఒకటి ప్రత్యక్షమైంది. తెల్ల అట్ట, దాని మీద గాయకుడి పేరు గానీ కంపెనీ పేరు గానీ లేదు. 1961లో మినియాపొలిస్‌లో ఎవరో పట్టిన టేపు, నేలమాళిగ పాటలు కొన్ని, టీవీలో పాడిన పాట ఒకటి, అన్నీ కలగూరగంపగా అందులో ఉన్నాయి. జనం దానికి 'గ్రేట్ వైట్ వండర్' అని పేరు పెట్టుకున్నారు. దొంగలకు చట్టంలో సందు కూడా దొరికింది. అమెరికా ఫెడరల్ చట్టం పాటకు రక్షణ ఇచ్చింది గానీ, దాని శబ్దముద్రణకు ఇచ్చింది 1972 ఫిబ్రవరి నుంచే.

మరి అసలు హక్కుదారు చేసిందేమిటి? 1973లో డిలన్ వేరే కంపెనీకి వెళ్తే, అతను పక్కన పడేసిన పాటల్ని ఏరి 'డిలన్' పేరుతో ఆల్బం వేసింది. అది అభిమానం కాదు, కక్ష. 1975లో నేలమాళిగ పాటల్ని అధికారికంగా తెచ్చారు. ఇరవై నాలుగు పాటల్లో ఎనిమిది డిలన్ లేకుండా ద బ్యాండ్ పాడినవి. కొన్నిటికి తర్వాత వాయించిన వాద్యాలు అతికించారు. మాష్టారైతే ప్రక్షిప్తాలని ఎర్రసిరాతో గీత పెట్టేవారు. అతుకులు లేని మొత్తం సంపుటి, 138 ముద్రణలు, 2014లో గానీ రాలేదు.

దొంగప్రతుల్లోనూ లేఖకదోషాలు లేకపోలేదు. 1966 మే 17న మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాల్‌లో, ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నందుకు ఒక శ్రోత డిలన్‌ను 'జూడాస్', అంటే ద్రోహీ, అని కేకేశాడు. ఆ కచేరీ ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరుతో చలామణి అయింది. 1998లో కంపెనీ విడుదల చేసినప్పుడు తప్పని తెలిసీ ఆ పేరునే ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచింది. అబద్ధపు పుష్పికకు అంత గౌరవం ఇచ్చిన పరిష్కర్తను నేను మరొకర్ని చూడలేదు.

1985లో వచ్చిన 'బయోగ్రాఫ్' సంకలనం పెట్టె తెరవడానికి కొంత దారి వేసింది. 1991లో యాభై ఎనిమిది పాటలతో మూడు సంపుటాలు ఒకేసారి తెచ్చి, వాటికి ఏకంగా 'బూట్‌లెగ్ సిరీస్' అని పేరు పెట్టారు, అంటే దొంగల బిరుదే తగిలించుకున్నారన్నమాట. 'బ్లైండ్ విలీ మెక్‌టెల్' అధికారికంగా వెలుగు చూసింది అందులోనే. 1983లో 'ఇన్ఫిడెల్స్' కోసం పాడి, ఆల్బంలో చేర్చని పాట అది. డిలన్ పియానో, మార్క్ నాఫ్లర్ గిటారు, అంతకు మించి హంగు లేదు. నా లెక్కలో అతని అత్యుత్తమ రచనల్లో అదొకటి. తన రచనల్లో ఏది ఉంచాలో కవికే బాగా తెలుసన్న మాట ఈ పాట విన్నాక నా నోట రాదు.

ఇక చట్టం సంగతి. యూరప్‌లో శబ్దముద్రణల రక్షణను యాభై ఏళ్ల నుంచి డెబ్బైకి పెంచుతూ 2011లో నిర్ణయించారు. యాభై ఏళ్లలోపు విడుదల కానివాటికి మాత్రం ఆ పొడిగింపు లేదు. 2012 చివర్లో 1962 నాటి టేపులతో నాలుగు డిస్కుల సంపుటి యూరప్‌లో వచ్చింది. అచ్చయినవి సుమారు వంద ప్రతులు. ఉపశీర్షికలోనే 'కాపీరైట్ పొడిగింపు సంకలనం' అన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు. వినడానికి కాదు, దాఖలు కోసం వేశామని అంత నిజాయితీగా ఒప్పుకున్న రికార్డు కంపెనీని మెచ్చుకోవాల్సిందే.

2015లో 1965–66 స్టూడియో టేపులన్నీ పద్దెనిమిది డిస్కులుగా, అయిదువేల ప్రతులకే పరిమితం చేసి తెచ్చారు. అన్నీ వినమని ఎవరికీ చెప్పను. కానీ ఒక డిస్కు నిండా 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' టేకులే ఉన్నాయి, అది మాత్రం వినాలి. 1965 జూన్ 15న పాట మూడు మాత్రల నడకలో తడబడుతోంది. మర్నాటికి నడక నాలుగుకు మారింది. గిటారిస్టు ఆల్ కూపర్, ఎవరూ పిలవకుండానే ఆర్గన్ ముందు కూర్చున్నాడు. మిగతావాళ్ల స్వరాలు విని అందుకోవాలి గనక, అతని వేళ్లు తాళానికి ఒక్క వెంట్రుకవాసి వెనకగా పడతాయి. నాలుగో టేకు ఆరు నిమిషాలకు పైగా సాగి, చక్కగా కుదిరింది. లోకం వింటున్నది దాన్నే. తమాషా ఏమిటంటే, పని అయిపోయిందని గదిలో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఇంకా పదకొండుసార్లు ప్రయత్నించారు. కొన్ని మొదట్లోనే ఆగిపోతాయి, కొన్ని జోరెక్కి గాడి తప్పుతాయి. ఏ టేకూ నాలుగోదాని దరిదాపుల్లోకి రాదు.

దొంగల్ని ఇంతసేపు పొగిడాను గనక, కంపెనీకి దక్కాల్సిన మాట కూడా చెప్పాలి. 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్'ను డిలన్ 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో పూర్తిచేసి, డిసెంబరులో మనసు మార్చుకుని అయిదు పాటల్ని మినియాపొలిస్‌లో మళ్లీ పాడాడు. పాత రూపం దొంగప్రతులుగా తిరుగుతూనే ఉంది. అయితే న్యూయార్క్ టేపుల్ని అప్పట్లోనే కాస్త వేగం పెంచి డిస్కుకెక్కించారు. దొంగల చేతికి అందిందీ ఆ వేగపు పాఠమే. మూల టేపు వాళ్లకెలా దొరుకుతుంది? 2018లో కంపెనీ తెచ్చిన సంపుటిలో పాటలు పాడిన వేగంతోనే వినిపించాయి. గొంతు ఒక మెట్టు కిందికి దిగినట్టు, ఊపిరి పీల్చుకునే చోటు తెలిసినట్టు ఉంటుంది. మినియాపొలిస్ వాద్యకారుల పేర్లు 1975లో అట్ట మీదికి ఎక్కలేదు, అప్పటికే అట్టలు అచ్చయిపోయాయి. ఆ పేర్లు వేసిందీ ఈ సంపుటిలోనే, నలభై మూడేళ్లకు.