వార్డు గుమ్మం దాటిన డాక్టర్

పట్టాలు అందుకున్న యువ వైద్యులారా!

కెనడా సర్జన్ నార్మన్ బెథూన్ గారి మరణం గురించి మీరు వినే ఉంటారు. 1939 అక్టోబరు చివర, చైనాలోని హెబెయ్ కొండల్లో, గాయపడిన సైనికుడికి ఆపరేషన్ చేస్తుండగా ఆయన వేలు తెగింది. చీము పట్టి, విషం రక్తానికెక్కి నవంబరు 12న కన్నుమూశారు. అప్పటికి పెన్సిలిన్ మందుగా రాలేదు. ఆ మరణం కన్నా, అక్కడిదాకా ఆయన నడిచిన దారి నాకు ముఖ్యమనిపిస్తుంది.

1926లో ఆయనకే క్షయ సోకింది. శానిటోరియంలో పడుకుని పుస్తకాలు తిరగేస్తూ, ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చే చికిత్స గురించి చదివారు. పట్టుబట్టి అది తనకే చేయించుకుని బతికారు. తర్వాత మాంట్రియల్‌లో ఛాతీ సర్జన్‌గా పేరు తెచ్చుకున్నారు. అది ఆర్థిక మాంద్యపు కాలం. నయమైన పేదలు అవే ఇరుకు గదులకు, అదే అర్ధాకలికి తిరిగి వెళ్లి మళ్లీ జబ్బు పడటం కళ్లారా చూశారు. 1936లో తోటి డాక్టర్లనూ నర్సులనూ కూడగట్టి, ప్రజలందరి వైద్యం ప్రభుత్వ బాధ్యత కావాలని ప్రతిపాదించారు. చెవిన పెట్టినవాళ్లు తక్కువ.

ఆ ఏడాది చివర్లోనే స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్లి, దాతల రక్తాన్ని సీసాల్లో యుద్ధరంగం దగ్గరికే చేర్చే ఏర్పాటు చేశారు. 1938లో, యుద్ధంలో ఉన్న చైనా చేరాక పల్లెటూరి కుర్రాళ్లకు గాయాలు శుభ్రం చేయడం, కట్టు కట్టడం నేర్పించారు. వాళ్ల కోసం పాఠ్యపుస్తకాలు రాశారు. నా దృష్టిలో ఆయన చేసిన ఆపరేషన్లన్నిటికన్నా ఇదే గొప్ప పని.

చైనాలో ఆయన పేరిట వెలిసిన ఆసుపత్రికి 1941లో డైరెక్టరైన వ్యక్తి మన దేశపు డాక్టరే, ద్వారకానాథ్ కోట్నిస్. మన తెలుగు నేతపనివారు తరతరాలుగా బతుకుతున్న షోలాపూర్‌లో పుట్టారు. 1942 డిసెంబరు 9న ఆయనా ఆ యుద్ధభూమిలోనే, 32 ఏళ్లకే చనిపోయారు.

బెథూన్‌కు సోకిన ఆ క్షయ ఇంకా పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఇవాళ మన దేశంలోనే ఉన్నారు. మందులున్నాయి. మీలో కొందరికి ఏజెన్సీ గ్రామాల పీహెచ్‌సీల్లో పోస్టింగు వస్తుంది. వెళ్లండి. మందులు చేతికిచ్చేటప్పుడు ఇంట్లో ఎందరున్నారో, ఏం తింటున్నారో అడగండి. కుదిరితే ఆ ఇంటికి వెళ్లి చూడండి. మీకు తెలిసినది అక్కడి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు ఓపిగ్గా నేర్పండి.