తెగిన పోగు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

 

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పద్మశాలి కుటుంబములవా రిందఱు చేరిన యీ సభయందు విద్యను గూర్చి ప్రసంగింపుమని నిర్వాహకులు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. విద్యామాహాత్మ్యమును వర్ణించు శక్తి నాకు లేదు. మా చిన్న తరగతి కథను విన్నవించి, దానివలన నే నాలస్యముగా నేర్చిన పాఠము నొకదానిని మీ ముందుంచెదను.

ఎల్లారెడ్డిలో మేము ఉన్నతపాఠశాల చదువు ముగించినది 1971వ సంవత్సరమున. పరీక్షకు కూర్చున్నవారము పదునొకండ్రము మాత్రమే. మా తండ్రుల కాలమున, నిజాము రాజ్యమందు, ఉన్నతపాఠశాలలలో బోధన ప్రధానముగా ఉర్దూభాషయందు జరిగెడిది. 1948లో ఆ రాజ్యము భారతదేశమున కలసిన పిదప తెలుగు క్రమముగా బోధనాభాష యయ్యెను. మా గణితోపాధ్యాయులు ఉర్దూలో చదువుకొన్నవారగుటచే, తెలుగులో లెక్క చెప్పుచునే కూడికను 'జమా' అనియు, గుణకారమును 'జరబ్' అనియు ననుచుండిరి. మేము నవ్వెడివారము, వారును మాతో నవ్వెడివారు.

మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరమును చూచుటకు ఒక యేడు తరగతియంతయు ఎడ్లబండ్లపై పోయితిమి. మరలివచ్చునప్పుడు మా బండిలో నొక బాలిక పందెము కట్టి, పందొమ్మిదవ యెక్కమును క్రిందినుండి మీదికి తడబడక చెప్పెను. ఆమె మా వాడయందలి నేతవారి బిడ్డ. లెక్కలలో మాలో నెవ్వరును ఆమెకు సాటిరారు.

1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము వచ్చెను. పాఠశాలలు నెలలకొలది మూతవడెను. ఆ కారణము న్యాయమా, అన్యాయమా యని నేనిప్పుడు చర్చింపను. మాకది మొదట సెలవువలె తోచెను. కాని పేదయింట పిల్లవాని చేతులు ఊరక యుండవు. మగ్గము కూడు పెట్టని కాలమది. ఒకడు మేనమామ వెంట భీవండికి పోయి మరమగ్గముల కార్ఖానాలో చేరెను. ఒకడు కామారెడ్డిలో అంగడిపనికి కుదిరెను. ఆ బాలిక తల్లిప్రక్కన బీడీల చాట ముందు కూర్చుండెను. బడి మరల తెరచినప్పుడు మేము కొందఱము పోయితిమి, వారు రాలేదు. ఏల రాలేదని అడిగినవారును లేరు.

రెండేండ్ల క్రిందట మేము కామారెడ్డిలో నొకచోట కూడుకొనవలెనని తలచితిమి. నాటి ఛాయాచిత్రమును ముందుంచుకొని, అందున్నవారి పేర్లు వ్రాసితిమి. పదునొకండ్రలో ముగ్గురు కాలధర్మము నొందిరి. మిగిలిన యెనమండుగురము హైదరాబాదునుండియు, షోలాపురమునుండియు, ఈ యూళ్ళనుండియు వచ్చి చేరితిమి. శాలువలు కప్పుకొంటిమి. ఉపాధ్యాయులను తలచుకొంటిమి. అప్పుడు ద్వారమువద్ద ఒక వృద్ధురాలు నిలిచియుండుట కనబడెను. లింగంపేట మీదుగా బస్సులో వచ్చినదట. మే మామెను పిలువలేదు. ఆమె పేరు మా పట్టికలో లేదు.

ఆమె కోపపడలేదు. ఛాయాచిత్రమును చేతబట్టుకొని చాలసేపు చూచి, "పటంల లేకుంటే తరగతిల లేనట్టేనా, అన్నా?" అని నన్నడిగెను.

నాకు మాట రాలేదు. ఆ దినములలో నేను పుస్తకములు చంకబెట్టుకొని ప్రతిదినము ఆమె యింటి యరుగు ముందునుండియే బడికి పోయితిని. ఆమె తల యెత్తి చూచెడిది. నేను చూడనట్లు పోయెడివాడను. "బడి తెరిచిననాడు ఎవరన్న వచ్చి పిలిస్తె పోదును" అని ఆమె యిప్పుడు చెప్పినది. పిలువవలసినవాడను నేనే.

ఆమె చదువు వ్యర్థము కాలేదు. వేయి బీడీలన నిరువదియైదు చొప్పున నలుబది కట్టలు. తీసివేతకు పోయినవెన్ని, రావలసిన కూలి యెంత యని వాడయందలి స్త్రీలందఱి లెక్కయు నామెయే చూచినదట. ఆమె యుండగా కట్టలు లెక్కించువాడు తప్పు చెప్పుటకు జంకెడివాడట. ఎనిమిదవ తరగతి గణితమే యింత పని చేసినచో, పూర్తి చదువు ఏమి చేసియుండునో మీరే యూహింపుడు.

ఇది గతించిన కథ యని కొందఱనవచ్చును. 1976లో బీడీ కార్మిక సంక్షేమనిధి చట్టము వచ్చినది. వారి బిడ్డలకు విద్యార్థివేతనములు కలవు. 1986 చట్టము బాలురచేత బీడీలు చేయించుట నిషేధించెను. 2009 విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డలందఱికిని ఉచితవిద్య నొసగెను. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా యేర్పడినందున ఎల్లారెడ్డివారు జిల్లా కార్యాలయపు పనికి నిజామాబాదుదాక పోవలసిన శ్రమయు తప్పినది. ఇవన్నియు మేలే. కాని 2020లో వ్యాధిభయముచే బడులు మరల మూతవడినప్పుడు, మా కాలమందలి యాపదయే తిరిగి వచ్చెను. తలుపులు తెరచుట ప్రభుత్వము చేయగలదు. అరుగుమీద నిలిచిపోయిన బిడ్డను పేరుపెట్టి పిలుచుట ఇరుగుపొరుగువారి పని.

దాతలారా! ఏటేట ప్రథమశ్రేణిలో నెగ్గినవారికి బహుమతు లిచ్చుచున్నారు. దానిని మానుమని నే ననను. కాని మనము నేతవారము. పడుగులో నొక పోగు తెగినచో మగ్గము నాపి, దానిని వెదకి ముడివేయుదుమే గాని, తెగనివాని నెంచి సంతోషింపము. ఆ న్యాయమును బిడ్డలయెడ నేల పాటింపరాదు?

నా మనవి మూడు మాటలు. ప్రతి జూనునెలలో బడులు తెరచిన వారములోపల, వాడవాడకు నిద్దఱు పెద్దలు ఇల్లిల్లు తిరిగి, బడికి పోని బిడ్డల పేర్లు వ్రాయవలెను. బహుమతిధనములో సగము వారి పుస్తకములకును, బస్సుకూలికిని కేటాయింపవలెను. పనికై భీవండికి తరలు కుటుంబముల బిడ్డలకు ఇక్కడనే వసతిగృహమున చోటు చూపవలెను.

ఎల్లారెడ్డిలో ఈ పనిని మా యెనమండుగురము రానున్న జూనునుండి యారంభింప నిశ్చయించితిమి. కాదు, తొమ్మండుగురము. పేర్లు వ్రాయు పుస్తకము ఆమె చేతనే యుండును.