శాస్త్రము తల్లి చేతి కందవలెను



నేడు వైద్యపట్టములు స్వీకరించుచున్న యువమిత్రులారా, ఈ మహాసభలో నేను పసిబిడ్డల నీళ్ళ విరేచనములను గూర్చి మాటాడ దలచితిని. మన విద్యకు అంతకన్న కఠినమైన పరీక్ష లేదని నా దృఢవిశ్వాసము.

1973లో మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్, ఆమె సహచరులు రోగశిశువుల ప్రేగుపొరలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఈ విరేచనములకు ముఖ్యకారణమైన రోటావైరస్‌ను గుర్తించిరి. చిన్నప్రేగులోని చూషకముల కొనలనుండు కణములను అది ధ్వంసము చేయగా, నీటిని పీల్చుకొనవలసిన ప్రేగే నీటిని వెలిబుచ్చును. వాంతులును జ్వరమును తోడై, ఉదయము ఆడుకొనుచుండిన బిడ్డ రాత్రికి కన్నులు లోతుకు పోయి, ఏడ్చినను కన్నీరు రాక, పొట్టమీది చర్మమును పట్టి విడిచినచో మెల్లగా గాని సర్దుకొనని దుస్థితికి వచ్చును. యాంటీబయోటిక్కులు దీనిపై పనిచేయవు.

అయినను, గ్లూకోజు తోడున్నచో ఉప్పును, ఉప్పు వెంట నీటిని స్వీకరించు శక్తి రోగగ్రస్తమైన ప్రేగున కింకను మిగిలియుండును. 1971లో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ శరణార్థి శిబిరమున సెలైను చాలని వేళ, దిలీప్ మహలనబిస్ ఈ సూత్రము నాధారము చేసికొని, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని, అనగా ఓఆర్ఎస్‌ను, బంధువుల చేతనే త్రాగించి అనేకులను కలరా మృత్యుముఖమునుండి తప్పించెను. ఇక రోటావైరస్ విషయమున, ఢిల్లీలో నవజాత శిశువునందు లభించిన ఆ వైరస్‌నుండి, మహారాజ్ కిషన్ భాన్ ప్రభృతుల దీర్ఘకృషి ఫలముగా, మన హైదరాబాదున టీకా తయారయ్యెను; 2016లో దానిని మొదట అందుకొన్న నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున నోట వేయు ఆ ఐదేసి చుక్కలు వ్యాధితీవ్రతను తగ్గించునే గాని సంపూర్ణముగా వారింపజాలవు. కావున ఓఆర్ఎస్ అవసరము తీరలేదు.

మందు సులభము, దానిని ఇంటికి చేర్చుట దుష్కరము. పళ్ళు వచ్చునప్పుడు విరేచనములు మామూలేనని పొరుగువారందురు. నీళ్ళు పట్టిన హెచ్చునని పెద్దలు వారింతురు. భయపడిన తల్లి చనుబాలు సైతము మాన్పించును. ఆమెను మందలింపకుడు. కూర్చుండబెట్టి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టంతయు కలిపించి, మీ యెదుటనే చెంచాతో పట్టింపుడు. బిడ్డ కక్కినచో పది నిమిషములాగి, మరింత నిదానముగా పట్టవలెనని చెప్పుడు. చనుబాలు మాన్పవలదనుడు, జింకు పదునాలుగు దినములు తప్పక ఇవ్వవలెననుడు, బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకపోయినను, మలమున రక్తము కనబడినను తక్షణమే ఆసుపత్రికి తీసికొనిరమ్మనుడు.

ఓపీ గది వెలుపల వరుస ఎంత పొడవున్నను, ఈ కొలది నిమిషములను మిగుల్చుకొన జూడకుడు. మీ గదినుండి వెడలు తల్లి, రేపు పొరుగింటి బిడ్డకును ఇట్లే చేయగల ధైర్యముతో వెడలవలెను. అట్టి వైద్యులు కండని మిమ్ము మనసార ఆశీర్వదించుచున్నాను.