కోలుకోవడం ఎవరి పని?
(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



'కుటుంబం, ఆరోగ్యం, స్త్రీల చాకిరీ' మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇరవై ఏళ్లుగా స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్నదాన్ని కనుక పట్టికలు, లెక్కలు సిద్ధం చేసుకున్నాను. కానీ బస్సులో వస్తున్నంతసేపూ ఆ కాగితాల్లో లేని విషయమే బుర్రలో తిరిగింది. మా ఇంటి సంగతి. అదే చెబుతాను. నా పరువు కొంచెం పోయేలా ఉంటుంది, పోనివ్వండి.

మా అమ్మ తెనాలిలో అన్నయ్య వాళ్ల దగ్గర ఉంటుంది. మూడేళ్ల క్రితం ఒక ఉదయం ఆరున్నరకి కాఫీ గ్లాసు ఆమె కుడి చేతిలోంచి జారిపడింది. వదిన చూసేసరికి మూతి పక్కకి లాగేసింది, మాట ముద్దగా వస్తోంది. ఇది పక్షవాతమని వదినకి తెలుసు. ఆమె పనిచేసే స్కూల్లో ఎవరో పెట్టిన ఆరోగ్య శిబిరంలో విన్నది. 108కి ఫోన్ చేస్తానంది. పక్కింటి పెద్దాయన "అబ్బాయిని రానీ అమ్మా" అన్నారు. అన్నయ్య ఆఫీసు పని మీద ఒంగోలులో ఉన్నాడు. ఇంకో ఆవిడ పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందని చెప్పింది. వదిన నాకు ఫోన్ చేసింది. నేనేమన్నానో తెలుసా? "అన్నయ్య వస్తున్నాడుగా వదినా, కంగారు పడకు, వచ్చాక తీసుకెళ్దాం."

స్త్రీలకు నిర్ణయాధికారం లేకపోవడం మీద వ్యాసాలు రాసిన మనిషి అన్న మాట అది.

అన్నయ్య పదింబావుకి వచ్చాడు. గుంటూరు ఆస్పత్రికి చేరేసరికి పదకొండుంబావు. మెదడులో రక్తం గడ్డ కట్టినప్పుడు దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉంది. అది మామూలుగా లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. డాక్టరు "ఎన్నింటికి మొదలైంది?" అని అడిగితే వదినే జవాబు చెప్పింది, ఆరున్నర అని. ఆయన గడియారం చూసి ఇంకేం మాట్లాడలేదు. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అమ్మ పూర్తిగా బాగయ్యేదని నేననను, అందరికీ అది పనిచేయదు. కానీ ఆ అవకాశం పోయింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తెలిసిన మనిషి మాటకు విలువ లేక పోయింది. ఈ మూడేళ్లలో వదిన నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

పదకొండు రోజుల తర్వాత ముక్కులో గొట్టంతో అమ్మని ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కింద రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలనీ, రోజూ వ్యాయామం చేయించాలనీ, పుండ్లు పడకుండా చూసుకోవాలనీ ఉంది. ఎవరు తిప్పాలో అందులో లేదు. తెలుగు వ్యాకరణంలో ఇదొక సౌకర్యం, కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. మా ఇంట్లోనూ అలాగే నడిచింది.

వదిన ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పింది. సెలవు పెడితే జీతం కోసే ఉద్యోగం. రెండో నెలలో మానేసింది. మానమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. బంధువులతో అన్నయ్య "తనే మానేసింది, అమ్మంటే అంత ప్రేమ" అని చెప్పేవాడు. నేను పదిహేను రోజులకోసారి శనివారం బత్తాయిలు పట్టుకుని వెళ్లేదాన్ని. "కూతురంటే ఇలా ఉండాలి" అని వీధిలో నాకు పేరొచ్చింది.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే పురుషులు పెట్టేది 97 నిమిషాలని తేలింది. ఇలాంటి లెక్కలు మనకి కావాలి, వీటి కోసం మనమే కొట్లాడాం. అయితే ఆ సర్వేలో రోజును అరగంట ముక్కలుగా రాస్తారు. రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ లేచి అత్తగారిని పక్కకి తిప్పి, మధ్యలో ఒక చెవి తెరుచుకుని పడుకునే మనిషి ఏ గడిలో ఉంటుంది? 'నిద్ర' అనే గడిలోనే ఉంటుంది.

ఇక అమ్మ గురించి. ఇంతవరకూ ఆమె గురించి ఒక పనిలాగా మాట్లాడాను, మన సాహిత్యంలో కూడా ఈ లోపం ఉంది. చాకిరీ గురించి రాసేటప్పుడు మంచం మీద ఉన్న స్త్రీని బరువుగా మార్చేస్తాం.

అమ్మకి మాట పోయింది. మిగిలింది ఒక్క మాట, "పోనీ". మంచినీళ్లకీ పోనీ, నొప్పికీ పోనీ, కోపానికీ పోనీ. విచిత్రం, మంగళహారతి పాట మాత్రం మాటలతో సహా పాడగలిగేది. మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుందని తర్వాత తెలిసింది. మాట లేదు కనుక తెలివి కూడా లేదని మేమంతా అనుకున్నాం. ఆమె ఎదుటే ఆమె ఖర్చు గురించి మాట్లాడుకున్నాం. అనుకోనిది వదిన ఒక్కతే. అట్టముక్క మీద గ్లాసు, ఫ్యాను, బాత్రూము, దుప్పటి బొమ్మలు గీసి పెట్టింది. అమ్మ ఎడమ చేత్తో చూపించడం మొదలుపెట్టింది. లెక్కల టీచరు కదా, బొమ్మలు ఘోరంగా గీసింది, అయినా పనిచేశాయి.

నాన్నగారి మీద అమ్మకి ఫ్యామిలీ పెన్షను వస్తుంది. కుడి చెయ్యి పడిపోవడంతో సంతకం కుదరలేదు. అన్నయ్య ఖాతా తన చేతిలోకి తీసుకునే ఆలోచన చేశాడు. దురుద్దేశం లేదు, అప్పులు తీర్చాలి. ఇంత జబ్బులో ఉన్న ఖాతాదారు నుంచి ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఈ విషయం మీ గ్రామాల్లో తప్పక చెప్పండి. మేం ఇదంతా చర్చిస్తుంటే అమ్మ ఎడమ చేత్తో పాసుబుక్కు లాక్కుని వదిన ఒళ్లో పడేసింది. "అమ్మకి తెలియడం లేదు" అన్నాడు అన్నయ్య. అమ్మ మళ్లీ తీసి మళ్లీ వదిన ఒళ్లోనే పెట్టింది. తన అత్తగారికి ఆరేళ్లు మంచంలో చేసిన మనిషి ఆమె. ఆవిడకి తెలియకపోవడమేమిటి?

నేను ఉత్సాహపడి ఆ పెన్షన్‌లో కొంత వదినకి నెలనెలా ఇవ్వాలన్నాను. వదిన ముఖం ఎర్రబడింది. "నాకు జీతమిస్తావా? డబ్బులొద్దు. మీ అన్నయ్యని రాత్రిపూట లేవమను" అంది. వేతనం అడగాలని మనం నేర్పిన పాఠం అక్కడ నాకు పనికిరాలేదు. డబ్బు తీసుకుంటే ఆ పని శాశ్వతంగా తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకి అర్థమైంది, నాకు కాలేదు.

ఆ రోజు నుంచి రెండు గంటలకీ నాలుగుకీ అన్నయ్య లేచాడు. ఫిజియోథెరపిస్టు దగ్గర మంచం మీంచి కుర్చీలోకి దించడం నేర్చుకున్నాడు. నేను బత్తాయిలు మాని నెలకు పది రోజులు అక్కడ ఉండి పనిచేశాను. అయిదో నెలలో అమ్మ కర్ర పట్టుకుని వరండాదాకా నడిచింది. ఇప్పుడు ఓ యాభై మాటలు వస్తాయి.

ప్రభుత్వం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అనే పథకం పెట్టారు. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు అయిదు వేలకు మించకుండా. పోయిన కూలి పోయినట్టేనని ఒప్పుకున్న పథకం కనుక మంచిదే. మరి పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి? 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం కోసం పథకాలు పెట్టాలని ఉంది. 'ఆర్థిక స్తోమత పరిమితిలో' అన్న మాట కూడా దాని పక్కనే ఉంది. ఈ సెక్షన్ పట్టుకుని జిల్లా స్థాయిలో అర్జీలు పెట్టడం మనం చేయగల పని. అర్జీ నమూనా ఒకటి తెచ్చాను, భోజనాల తర్వాత చూద్దాం.

వదిన నిరుడు జూన్‌లో స్కూలుకి వెళ్లి అడిగింది. తీసుకుంటామన్నారు, కొత్తగా చేరేవాళ్ల జీతానికి. పద్నాలుగేళ్లు లెక్కలోకి రావన్నారు. ఆమె ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ప్రస్తుతం ఇంట్లో ఏడుగురు పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని ఎక్కాలు తప్పు చదివిన పిల్లల్ని కర్రతో నేల మీద కొట్టి ఆపుతుంది.