ఒకే పళ్ళెం

మావారు ఇథియోపియాలో పాఠాలు చెప్పడానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. హైలీ సెలాసీ చక్రవర్తి 1974లో గద్దె దిగకముందు నుంచే మన దేశపు పంతుళ్ళు అక్కడ పని చేశారు.

అక్కడ గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలు. "రెండు గంటలకు క్లాసు" అంటే మన ఎనిమిదన్నమాట! అది తెలియక మావారు మధ్యాహ్నం భోంచేసి వెళ్ళారు. పిల్లలు పొద్దున్నే వచ్చి, చూసి చూసి వెళ్ళిపోయారట. దానికి నవ్వుకున్నాం.

నవ్వుకోలేనిది ఇంకొకటుంది. పొరుగింటామె భోజనానికి పిలిచింది. టెఫ్ అనే సన్నగింజల పిండి పులియబెట్టి పోసిన పెద్ద అట్టు, ఇంజెరా. కూరలూ దానిమీదే. అందరిదీ ఒకటే పళ్ళెం. ఆమె ఒక ముద్ద చుట్టి నా నోటికందించింది. ఎంగిలని తల తిప్పుకున్నాను. పాపం, ఆమె ముఖం చిన్నబోయింది. దాన్ని "గుర్షా" అంటారనీ, ఆప్యాయతకు గుర్తుగా పెడతారనీ తర్వాత తెలిసింది.

నాకు మా అనంతపురం గుర్తొచ్చింది. కరువు ఏడాదైనా ఇంటికొచ్చినవారికి ఇంత సంగటి పెట్టందే పంపం. ఆ ముద్ద వద్దంటే మనకెట్లుంటుంది?

జొన్నలు అక్కడా పండుతాయి. ఆదివారం రొట్టెలు తట్టి, చెనిక్కాయల ఊరుబిండి నూరి ఆమెను పిలిచాను. మొదటి ముద్ద నేనే అందించాను. నవ్వుతూ నోరు తెరిచింది.

పరదేశం వెళ్ళే అమ్మాయిలూ, ముందు వాళ్ళ గడియారం, వాళ్ళ పళ్ళెం సంగతి తెలుసుకోండమ్మా!