నడివయస్సు - ముందుచూపు

వేసవికి కాలువలు కట్టివేయకముందే ఊరి మంచినీటి చెరువు నింపుకొనుట కృష్ణా డెల్టా గ్రామములకు అలవాటు. కాలువ కట్టిన పిదప గట్టున నిలిచి వగచిన ప్రయోజనము లేదని మనకు తెలియును. కాని మన ముసలితనము విషయములో ఈ జాగ్రత్త చూపువారు అరుదు. నలుబదియైదేండ్ల వయస్సున, చేతిలో సంపాదన, ఒంటిలో ఓపిక ఉన్నప్పుడు, పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు, ఇంటికి లెక్క వేయుదుము. నాల్గవ పద్దు వ్రాయము. ఆ పద్దును గురించియే నేడు ముచ్చటింతము.

ముందుచూపు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నములో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. రెండేండ్లకు అక్కడనే ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వెలసినది. 1956లో జీవిత బీమా జాతీయమైనది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేర్లు మారినను, నాలుగు రాళ్లు వెనుక వేయు అలవాటు పోలేదు. అయితే జీవిత బీమా, యజమాని త్వరగా పోయినచో ఇల్లేమగునన్న భయమునకు విరుగుడు. నేటి చిక్కు వేరు: మనము చాలకాలము బ్రతుకుచున్నాము.

ముసలితనపు వ్యయము రెండు విధములు. మొదటిది ఆసుపత్రి ఖర్చు. దీనికి కొంత ఆధారము కలదు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమైన పథకము ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్యసేవ పేర నడచుచున్నది. డెబ్బదియేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్సను ఆయుష్మాన్ భారత్ క్రింద కేంద్రము 2024లో ప్రకటించినది. ఆరోగ్య బీమాకు 65 ఏండ్ల వయఃపరిమితి కూడ ఆ యేడే తొలగినది. అయినను వయస్సుతోపాటు ప్రీమియము పెరుగును. ముందే ఉన్న జబ్బుకు మూడేండ్ల వరకు వేచియుండవలసి రావచ్చును. మధుమేహము, రక్తపోటు పైబడకముందే బీమా తీసికొనుట మేలు.

రెండవది మంచము ఖర్చు. పక్షవాతము వచ్చినను, తుంటి ఎముక విరిగినను, మతిమరుపు ముదిరినను, ఆసుపత్రివారు ఇంటికి పంపిన తరువాత ఇది మొదలగును. తినిపించుటకు, స్నానము చేయించుటకు, ప్రక్క మార్చుటకు ఒక మనిషి కావలెను. ఏండ్ల తరబడి సాగు ఈ సేవకు ఆసుపత్రి పథకములు డబ్బీయవు. ఆ మనిషికి నెలకు 15,000 రూపాయలనుకొన్నచో, ఐదేండ్లకు 9 లక్షలు. ధరలు ఏటా నూటికి ఆరు వంతున పెరిగినచో పండ్రెండేండ్లకు రెట్టింపగును. నేడు నలుబదియైదేండ్లవాడు అరువదితొమ్మిదికి చేరునప్పటికి ఆ 9 లక్షలే 36 లక్షలు.

ఒకప్పుడీ చాకిరి ఇంటి కోడలో, కూతురో జీతము లేక చేసెడివారు. దానికి ఎన్నడును లెక్క కట్టలేదు. నేడు కోడలికి ఉద్యోగము. కొడుకు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నాడు. పటమటలోగాని, గుడివాడలోగాని ఇద్దరు వృద్ధులే మిగిలిన ఇండ్లు ఎన్నియో కలవు. ఇందు పిల్లల తప్పు లేదు. మనమే వారిని చదివించి పంపినాము.

జపానువారు 2000లో దీర్ఘకాల సేవకు నిర్బంధ బీమా నెలకొల్పి, నలుబదవ యేటినుండి చందా వసూలు చేయుచున్నారు. మనకు అట్టి బీమా లేదు గనుక ఆ చందాను ఎవరికి వారే ఒక వేరు ఖాతాలో కట్టుకొనవలెను. పెండ్లి వచ్చినను, స్థలము బేరమునకు వచ్చినను దానిని ముట్టరాదు. అరువది నిండిన పిదప పోస్టాఫీసులోని వృద్ధుల పొదుపు పథకమున 30 లక్షల వరకు ఉంచి, మూడు నెలలకొకసారి వడ్డీ తీసికొనవచ్చును.

పొలము మాట మరింత ముఖ్యము. ఉన్న ఎకరములన్నియు పిల్లలకు పంచి, తరువాత కొడుకుల ఇండ్లలో వంతుల వారీగా భోజనము చేయు తలిదండ్రులను మన గ్రామములలో చూచుచునే యున్నాము. పంచుట తప్పు కాదు. కొంతయైన తమకు మిగుల్చుకొనకపోవుట తప్పు. ఇచ్చిన దానికి కూడ, బ్రతికినంతకాలము ఫలసాయము తమదేనని దఖలు దస్తావేజులో వ్రాయించుకొనవచ్చును. అరువది నిండినవారు తమను పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ పోషణ జరుగనిచో 2007 నాటి చట్టములోని 23వ సెక్షను క్రింద రద్దు చేయించుకొనవచ్చును. అట్టి షరతు ఉన్నట్లు చూపవలెనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున నోటిమాటతో ఊరకుండక, షరతును స్పష్టముగా వ్రాయించవలెను.

ఈ సంగతులు పిల్లలతో మాటాడుట అశుభమని కొందరందురు. తండ్రి మంచము పట్టిన రాత్రి, ఫోనులో, అన్నదమ్ములు వాదులాడుకొనుటకంటె ఇది అశుభము కాదు. సంక్రాంతికి అందరును ఇంటికి చేరినప్పుడు బీమా కాగితములు, ఖాతాపుస్తకము, దస్తావేజులు ఒకచోట ఉంచి చూపుడు. ఎవరు దగ్గర ఉండగలరో, ఎవరు డబ్బు పంపగలరో అడుగుడు. కూతుళ్లను కూడ కూర్చుండబెట్టుకొనుడు. 1956 నాటి చట్టము ప్రకారము తలిదండ్రుల పోషణ కొడుకునకెంతో కూతురునకును అంతే. ఆ మాటాడుకొన్నది ఒక కాగితముపై వ్రాసి, పెట్టెలో భద్రపరచుడు.